గోడ అవతలి ఊరు

మా గోడ అవతల ఉండే తులసీరాం పెద్దబాపు ఆ ఏడు దీపావళికి నాకు మేనమామ అయ్యాడు. మనిషి మారలేదు. మీసం అదే, బండి అదే, గేటు దగ్గర దగ్గే దగ్గు కూడా అదే. మారింది వరస ఒక్కటే. దానికి మాకు దసరా నుంచి దీపావళి దాకా పట్టింది.

దసరా అయిన మొదటి ఆదివారం బాపు మా క్వార్టర్ ముందు మీటింగ్ పెట్టాడు. నస్పూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో మా గోండోళ్ల ఇండ్లు ఓ పదకొండు ఉంటాయి. ఒకరిది జైనూర్ దిక్కు, ఒకరిది తిర్యాణి దిక్కు, ఇంకొకరిది సిర్పూర్. మీటింగ్ అంటే మామూలుగా సగం మంది రారు. అవ్వ, అంటే మా అమ్మ, చేతి గారెలుంటాయని బాపు ముందే గ్రూపులో పెట్టాడు కాబట్టి అందరూ వచ్చారు.

నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతకడం నా పని. మా ఇంట్లో దీన్ని ఉద్యోగమని ఎవరూ ఒప్పుకోరు, నా గుణమే అంతంటారు. ఇంకో మాట. మేం ఇళ్లల్లో మాట్లాడుకునేది గోండి. ఇక్కడ అంతా తెలుగులోకి దించి రాస్తున్నాను. తిట్లు దించేసరికి కొంచెం పలచబడ్డాయి.

"పోయినేడు దండారికి మనోళ్లల్ల ఎన్ని ఇండ్లోళ్లు ఊళ్లకు పోయిండ్రు?" అన్నాడు బాపు. "రెండిండ్లు. మిగిలినోళ్లంత ఫోన్ల చూసిండ్రు. పిల్లలకు గుస్సాడి అంటే స్టేటస్ వీడియో అయింది. ఇంకో నాలుగేండ్లయితే గదిగూడ ఉండది. మనం పోలేకుంటే దండారినే ఇక్కడికి పిలుద్దాం."

దండారి అంటే దీపావళి ముందు మా ఊళ్లల్లో జరిగేది. ఒక ఊరి ఆటగాళ్లు డప్పులతో ఇంకో ఊరికి పోయి, ఆడి, తిని, ఆ రాత్రి అక్కడే ఉండి వస్తారు. ఒంటికి బూడిద పూసుకుని, నెమలి ఈకల కిరీటం పెట్టుకునేవాడు గుస్సాడి. కిరీటం తల మీదున్నంతసేపు అతను దేవుడి కింద లెక్క.

"మంచిగ చెప్పినవ్ తమ్మీ," అన్నాడు తులసీరాం పెద్దబాపు. "మీ ఊరి దండారినే పిలుద్దాం."

"అంతే గద దాదా," అన్నాడు బాపు. దాదా అంటే అన్న.

మా ఊరి పెద్ద మోతీరాం పట్లకు ఫోన్ కలిపే పని నాకిచ్చారు. స్పీకర్ ఆన్ చేయడం తెలిసినదాన్ని కదా. పట్ల అంటే ఊరి పెద్ద.

"రామ్ రామ్ పట్ల తాతా. నేను మాన్కు బిడ్డను, నిఖితను."

"రామ్ రామ్ బిడ్డా. పెండ్లి కుదిరిందా?"

"లేదు తాతా. దండారి ముచ్చట. మన ఊరి దండారి గీ ఏడు మా కాలనీకి రావాలె. మేం పిలుస్తున్నం."

అటువైపు నుంచి నవ్వు. ఆయన నవ్వుకు దగ్గర్లో ఉన్న కుక్క కూడా మొరిగింది.

"మీ బాపుకు బాయిల గాలాడుతలేదా ఏంది? మీరూ మేమూ ఒక్కటే, ఏడు దేవుళ్లోళ్లం. భాయ్‌బంద్. అన్నదమ్ముల ఇంటికి దండారి వోతదా? దండారి పోయేది సోయిరల కాడికి. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే ఊరికి. మేమొస్తే మమ్ముల ఎక్కిరిచ్చేటోడెవడు? మా మీద నీళ్లు పోసే మరదళ్లెవలు?"

అది నిజం. మాలో కొత్త మనిషి కలిస్తే ఇంటిపేరు తర్వాత, ముందు ఎన్ని దేవుళ్లోడో అడుగుతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఒకే లెక్కవాళ్లు అన్నదమ్ములు. లెక్క వేరైతే సోయిర, అంటే వియ్యాల వరస. బాపుకు ఇది తెలియక కాదు. ఊరికి దూరమై దూరమై, ఊరు అనగానే ఆయనకు పుట్టిన ఊరే గుర్తొచ్చింది. పిలవాల్సింది పిల్లనిచ్చిన ఊరినని మర్చిపోయాడు. అందరం కలిసే మర్చిపోయాం.

"సరే, అక్కడ ఎవలెవలున్నరు? ఎన్ని దేవుళ్లోళ్లు? ఒక్కొక్కలు చెప్పుండ్రి," అన్నాడు పట్ల.

ఫోన్ చుట్టూ చేరి హాజరు పలికినట్టు పలికారు. ఏడు. ఏడు. ఐదు. ఏడు. ఐదు. తులసీరాం పెద్దబాపు వంతు వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఐదు."

"ఎవలిదా గొంతు?"

"తులసీరాం."

"ఏ తులసీరాం? మా మాన్కు ఎప్పుడొచ్చినా మా తులసీరాం దాదా, మా తులసీరాం దాదా అంటడు, గాయనేనా? అరే, ఐదు దేవుళ్లోడు ఏడు దేవుళ్లోనికి దాదా ఎట్లయిండు?"

గారె తుంచినవాళ్లు తుంచిన ముక్కతోనే ఉండిపోయారు.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. బాపు బాయిలో చేరిన కొత్తలో, కింద చీకట్లో, తెలుగూ హిందీ ఒడియా కలిసి వినపడే చోట, ఒక గొంతు గోండిలో "తల వంచు" అంది. బాపు తల వంచి "సరే దాదా" అన్నాడు. ఎన్ని దేవుళ్లోడివని ఆరా తీసే జాగా కాదది. ఆ మాట ఆయనతోపాటు పైకి వచ్చింది, ఇంటికి వచ్చింది, అట్లాగే ఉండిపోయింది. గోండి మాట్లాడే వాళ్లంతా కాలనీలో ఒకరికొకరు దాదాలే. కానీ వీళ్లిద్దరిది ఇంకొంచెం ముందుకు పోయింది. మా తాత చనిపోయినప్పుడు తులసీరాం పెద్దబాపు మా ఊరి దాకా వచ్చి, సొంత కొడుకులతోపాటు కూర్చుని మీసం తీయించుకున్నాడు. పట్ల ఆ వారం ఊళ్లో లేడు, చావింట్లో ఎన్ని దేవుళ్లని ఇంకెవరూ అడగలేదు.

"మీ కాలనీల రెండూళ్లున్నయి కదరా," అన్నాడు పట్ల, పెద్ద సమస్య తేల్చినట్టు. "ఐదోళ్ల దండారి ఏడోళ్ల ఇండ్లకు రావాలె. నడుమల మేమెందుకు? కానీ ముందుగాల వరస సక్క జేస్కోండ్రి. దాదా దాదా అనుకుంట వస్తే దాన్ని దండారి అనరు, దావత్ అంటరు."

ఫోన్ పెట్టేశాక తులసీరాం పెద్దబాపు నెమ్మదిగా అన్నాడు. "పట్ల చెప్పిన దాంట్ల తప్పేం లేదు తమ్మీ."

"తప్పు లేకుంటే?" బాపు లేచి నిలబడ్డాడు. "మా బాపు సచ్చిపోతే మీసం తీసినోన్ని ఇయ్యాల్టి సంది బావా అని పిలువన్నా? నాకు దండారి వద్దు, గిండారి వద్దు."

దండారి కావాలని అందరినీ పిలిచింది ఆయనే. అందరూ మిగిలిన గారెలు తిని వెళ్లిపోయారు.

*

తర్వాతి రోజుల్లో మా కాలనీలో పిలుపులన్నీ గందరగోళమయ్యాయి. ఒకాయన అప్పటిదాకా "అరేయ్" అని పిలిచిన తమ్ముడు కాస్తా అల్లుడి వరస అయ్యేసరికి, వాడు వచ్చినప్పుడల్లా లేచి కుర్చీ వేయాల్సి వచ్చి గింజుకున్నాడు. మిగతావాళ్లు బాగానే సర్దుకున్నారు. పట్టుబట్టి కూర్చుంది బాపు ఒక్కడే.

బాపు, పెద్దబాపు ఒకే షిఫ్టు, ఒకే బండి మీద పోతారు. పోవడం మానలేదు. పిలవడం మానేశారు. దాదా అంటే పట్ల మాట తీసేసినట్టు. బావా అంటే నోరు రాదు. పొద్దున్నే గేటు దగ్గర బాపు హారన్ కొట్టేవాడు. పెద్దబాపు వచ్చి వెనక కూర్చునేవాడు. దారిలో ఏమైనా చెప్పాల్సి వస్తే "ఇగో", "ఓయ్", "గదే" అనుకునేవారట. కింద బాయిలో, ఎక్కడ పెట్టాలో గీసిన సున్నపు గీతలు చూసి పైకప్పుకు ఆసరా నిలబెట్టే పని వాళ్లది. అక్కడ "ఓయ్" అంటే పదిమంది తిరుగుతారు.

నాకూ ఒక సమస్య వచ్చింది. తులసీరాం పెద్దబాపు కొడుకు సన్నీకి మంచిర్యాల బస్టాండ్ పక్కన సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నా ఫోన్లో అతని పేరు "సన్నీ అన్న రీఛార్జ్".

"ఇగ అన్న అనకు," అంది అవ్వ.

"మరి ఏమనాలె?"

"ఏం అనకు."

చెట్నీకి మా మిక్సీ అడగడానికి వచ్చిన ఎదురింటి సమ్మవ్వ ఈ మాట విని మిక్సీ సంగతే మరిచిపోయింది. వాళ్లు మావాళ్లు కాదు, కమాన్‌పూర్ దిక్కునుంచి వచ్చినవాళ్లు. "ఏందే సోంబాయి, నిన్నటిదాంక అన్న, ఇయ్యాల బావనా? గిట్ల సీరియల్లల్ల గూడ ఒక ఏడాది తీస్కుంటరు," అంది.

ఛార్జర్ పాడైందని దుకాణానికి పోతే సన్నీ నా వైపు చూడకుండానే అన్నాడు. "నాకైతే ఫికర్ లేదు. రాఖీ పండుగలకు నేను ఏసిన రీఛార్జ్‌లన్ని వాపస్ ఇయ్యి, చాలు."

"నేను కట్టిన రాఖీలు వాపస్ ఇయ్యి, ఇస్త."

"ఎలుకలు కొట్టినయి."

"అయితే రీఛార్జ్‌లు గూడ ఎలుకలే కొట్టినయి."

ఛార్జర్ తీసుకుని వచ్చేశాను. పేరు మార్చబోయి, ఏం పెట్టాలో తోచక "రీఛార్జ్" ఒక్కటే ఉంచాను.

*

తులసీరాం పెద్దబాపు మాత్రం ఎవరితోనూ వాదించలేదు. వారం సెలవు నాడు తెల్లారకముందే తిర్యాణి దిక్కు వాళ్ల ఊరికి పోయాడు. సాయంత్రం బస్సు దిగేసరికి చేతిలో నెమలి ఈకల కిరీటం ఉంది. ఊరివాళ్లు పూజ చేసి ఇచ్చి పంపారట. కిరీటాన్ని కింద పెట్టకూడదు. దారంతా ఒళ్లో పెట్టుకుని పట్టుకునే వచ్చాడు. కండక్టర్ వచ్చి, "కాకా, దీనికి గూడ టికెట్ కొట్టాన్నా?" అన్నాడట.

"దేవుడు బిడ్డా."

"ఫ్రీ ఆడోళ్లకే కాకా, దేవుళ్లకు రాలే ఇంకా."

ఇదంతా తర్వాత సన్నీ చెప్పాడు. అప్పుడు మేం చూసింది ఇంతే. రోడ్డు చివర పెద్దబాపు రెండు చేతులతో కిరీటాన్ని ఎత్తి పట్టుకుని నడిచి వస్తున్నాడు. వెనక మావాళ్ల పిల్లలు, వాళ్ల వెనక కాలనీ పిల్లలు. వరండాలో కూర్చున్న బాపు సగం లేచాడు. మామూలుగా ఎక్కడికి పోయి వచ్చినా పెద్దబాపు ముందు మా ఇంట్లో ఆగి, చెంబెడు నీళ్లు తాగి, ఆ తర్వాతే తన గేటు తీస్తాడు.

ఆ రోజు ఆగలేదు. తల తిప్పలేదు. మా గుమ్మం ముందు నుంచే నేరుగా పోయి తన గేటు తీసుకున్నాడు. సోయిరల ఊరి కిరీటం పిలుపు లేకుండా మా గడప తొక్కదు. అది కోపం కాదు, పద్ధతి. బాపుకూ తెలుసు. అయినా ఆ సగం లేచిన మనిషి మళ్లీ కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

తినేటప్పుడు బాపు అన్నాడు. "చూసినవా, నా దిక్కు చూడకుంట పోయిండు."

అవ్వ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతోంది. వెనక్కి తిరగలేదు.

"నీ దిక్కు చూడకుంట ఒక్కరోజు పోయిండు. నా దిక్కు చూడక నా పెండ్లయినంత కాలమైంది."

"అంటే?"

"మా అవ్వగారిల్లు ఎన్ని దేవుళ్లు?"

బాపు ఇంకో ముక్క తుంచుకున్నాడు. ఐదు. నాకూ తెలుసు. కానీ ఆ ఐదునూ గోడ అవతలి ఐదునూ నేనెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తప్పులు వెతకడమే నా పనని పైన రాశాను కదా, అంత గొప్పగా ఏం చేయట్లేదు.

"నాకు అన్న గావాల్సినోడు," అంది అవ్వ. "నువ్వు దాదా అన్నవు. గంతే, నాకు పెద్ద బావయ్యిండు. ఇగ ఆయన ముంగట నెత్తి మీద కొంగు తియ్యొద్దు. కూసోవద్దు. పేరెత్తొద్దు. మాట్లాడొద్దు. నాకు జరమొస్తే ఆయన గేటు కాడికొచ్చి నిన్ను అడిగి పోతడు, నన్ను అడగడు. మా అన్నదమ్ములందరు ఆ అడివిల ఉన్నరు. ఇక్కడ ఒక్కడుండె, ఆయన్ని నువ్వు తీస్కున్నవు."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"నువ్వు మీ దాదా, మా దాదా అని మురుస్తుంటే ఏం జెప్పాలె?"

అవ్వ రొట్టె తీసి ఆయన పళ్లెంలో వేసింది. బాపు తినడం ఆపలేదు. ఆపితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది.

పొద్దున బాపు స్నానం చేసి, జాతరకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. పక్కింటికి పోవడానికి మాకు గోడ మీది నుంచి పిలవడమే అలవాటు. ఆయన మా గేటు తీసి, రోడ్డెక్కి, వాళ్ల గేటు ముందు నిలబడ్డాడు. నేను గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడ్డాను. తడి బట్టలేమీ లేవు, పొడివే మళ్లీ ఆరేశాను.

"రామ్ రామ్," అన్నాడు బాపు.

"రామ్ రామ్."

"మీ ఊల్లె దండారి ఎల్లిందని తెలిసింది."

"ఎల్లింది."

"మా ఊరికి రావాలె."

"ఏ ఊరు మీది?"

దండారిని పిలవడానికి వచ్చినవాణ్ని అట్లా అడగడం ఆచారమే. అయినా బాపు ఒకసారి మా గోడ వైపు చూశాడు.

"గిదే. గోడ అవతల."

"దూరమేనా?"

"తిరిగి రావాలె."

"వస్తం," అన్నాడు పెద్దబాపు.

బావా అని బాపు అనలేదు. దాదా అని కూడా అనలేదు.

*

తిరిగే వచ్చారు. గోడ పక్కనుంచి బయలుదేరి, నీళ్ల ట్యాంకు దాటి, గ్రౌండ్ చుట్టూ పోయి, కాలనీ మొత్తం చుట్టి, మా లైన్‌కు అటు చివరి నుంచి డప్పులతో దిగారు. ముందు తులసీరాం. ఒంటినిండా బూడిద, ముఖానికి మసి, నడుముకు గజ్జెలు, చేతిలో కర్ర, తల మీద కిరీటం. రెండో షిఫ్టు సైరన్ మోగింది. డప్పు ఆగలేదు. డ్యూటీకి పోయేవాళ్లు బండ్లు ఆపుకుని నిలబడ్డారు.

"మాన్కన్నా, నీ చుట్టాలు ఏ బస్సుకొచ్చిండ్రు?" అని అరిచింది సమ్మవ్వ.

"తిర్యాణి బస్సుకు," అన్నాడు బాపు, నవ్వకుండా.

నేను వీడియో తీద్దామనుకున్నాను. అవ్వ నా చేతిలో ఫోన్ తీసుకుని బిందె పెట్టింది. సన్నీ, వాళ్లమ్మ చీర తను కట్టుకుని, ఆడవేషంలో వచ్చాడు. దండారిలో మగపిల్లలు అట్లా వేషం కట్టి ఆడతారు. మరదళ్ల వరసైనవాళ్లు వాళ్ల మీద నీళ్లు పోయాలి. నేను బిందె మొత్తం పోశాను.

"అరే, చెంబుతోని పోస్తరే ఎవలన్నా!" అన్నాడు, లిప్‌స్టిక్ కారుతూ.

"నాకు పద్ధతి తెల్వది. కొత్త గద."

గుస్సాడి మా గుమ్మం ముందు ఆడాడు. బాపు అతని కాళ్లకు నీళ్లు పోసి మొక్కాడు. అది దేవుడికి మొక్కే మొక్కు కాబట్టి ఆ పూట వరస అవసరం పడలేదు.

ఆట ముగిసి, కిరీటానికి పూజ చేసి దించిన మర్నాడు, తులసీరాం స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, చుట్టంలాగా మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వెంట సన్నీ, వాళ్ల దిక్కువాళ్లు ఇంకో నలుగురు. బాపు కుర్చీలు వేశాడు. నేను చాయ్ పంచాను. అందరూ కూర్చున్నారు కానీ మాటలు సాగట్లేదు. చుట్టాలైతే ఎక్కిరించుకోవాలి. ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియట్లేదు.

తులసీరామే మొదలుపెట్టాడు. మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"మాన్కూ, ఒకటైతే మంచిగైంది. రేపు నువ్వు సచ్చిపోతే నేను గీ మీసం తీసే పని లేదు."

సన్నీ నవ్వబోయి ఆగాడు. అందరూ బాపు వైపు చూశారు. బాపు చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. అన్నదమ్ముల మధ్య ఇలాంటి మాట ఉండదు. చుట్టాల మధ్య ఉండాలి. తెలిసినా, తగలాల్సిన చోటే తగిలింది. తులసీరాం ముఖంలో కూడా, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు ఏదో కనపడింది.

అవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తల మీద కొంగు ఉంది. దాన్ని భుజం మీదికి దించింది. తులసీరాం అలవాటుగా చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"అన్నా," అంది అవ్వ.

ఆయన గ్లాసు గాల్లోనే ఆగింది.

"నీ మంచం ఆ మూలకు జరుపుకో. నువ్వు గురక పెడ్తే మా ఇంట్ల గిన్నెలు కదుల్తున్నయి. నా పెండ్లయిన కాడికెళ్లి చెప్పాలనుకుంటున్న. నీతోని మాట్లాడరాదాయె. మీ ఇంట్లామెకు చెప్తే, నాకలవాటైంది, నీకు గూడ అయితది అంటది."

తులసీరాం మెల్లగా గ్లాసు కింద పెట్టాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇన్నేండ్ల సంది వింటున్నవా చెల్లె?"

"వినక ఏం జేస్త? ఊరు ఇడిసి పోవాల్నా?"

బాపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అన్న ముందు నవ్వకూడదని ఆ చేతికి ఇంకా గుర్తుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి చెయ్యి దానంతట అదే జారిపోయింది. బాపు నవ్వు గ్రౌండ్ దాకా వినపడి ఉంటుంది.

"మంచం జరిపితే ఏమైతది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆ గురక బాయిల పెట్టు బావా, బొగ్గుకు బాంబులు పెట్టే పని తప్పుతది."

ఏమన్నాడో బాపుకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. మా తులసీరాం మామ అప్పటికే జవాబుకు తిట్టు వెతుక్కుంటున్నాడు.